మాటలు అక్కర్లేని మనుషులు

ఇప్పుడు నన్ను చూసినవాళ్ళు నమ్మరు. బస్సులో పక్క సీటు దొరికితే చాలు, దిగేలోగా అవతలి మనిషికి నా పుట్టుపూర్వోత్తరాలన్నీ అప్పజెప్పేస్తాను. మొన్న ఒకాయన నా ధాటికి తట్టుకోలేక రెండు స్టాపుల ముందే దిగిపోయాడు. పాపం, ఆయన తప్పేం లేదు. ఆ వేసవికి ముందైతే నా పక్కన కూర్చున్నవాళ్ళు నేను మూగవాణ్ణేమోనని జాలిపడేవారు.

నా పని లిఫ్టులు బాగుచెయ్యడం. పద్దెనిమిదేళ్ళు ఒకే మనిషితో కలిసి చేశాను. మాకు చుట్టరికం లేదు గానీ నేనతన్ని బావా అనేవాణ్ణి, అతను నన్ను బావా అనేవాడు. కంపెనీలో మిగతావాళ్ళు మమ్మల్ని మౌనవ్రతం పార్టీ అని ఏడిపించేవారు. పొద్దుట నుంచి సాయంత్రం దాకా పక్కపక్కనే పనిచేసి 'టీ తాగుదామా', 'పద' అనే రెండు ముక్కలతో సరిపెట్టుకున్న రోజులు కోకొల్లలు. అతను చెయ్యి చాపితే ఏ స్పానరు కావాలో నాకు తెలిసేది. నేను గొంతు సవరించుకుంటే లైటు ఎటు తిప్పాలో అతనికి తెలిసేది. అది మాకు పెద్ద గొప్ప. అరుచుకుంటూ పనిచేసే జంటల్ని చూసి నవ్వుకునేవాళ్ళం.

మా పనిలో ఒక నియమం ఉంది. ఒకడు పైన, లిఫ్టు పెట్టె నెత్తి మీద ఉంటాడు. ఇంకొకడు అడుగున గుంతలో ఉంటాడు. పెట్టెని కదిపే ముందు పైవాడు 'కదుపుతున్నా' అని అరవాలి. కిందవాడు 'గుంతలోంచి బయటికొచ్చాను, కదుపు' అని పూర్తిగా అరిచి చెప్పాలి. ఆ మాట చెవిన పడేదాకా బటన్ మీద వేలు పెట్టకూడదు. మేము ఈ అరుపులు ఎప్పుడో మానేశాం. నేను పైనుంచి స్పానరుతో ఇనప పట్టా మీద రెండు దెబ్బలు కొట్టేవాణ్ణి. అతను బయటికొచ్చి కింద నుంచి రెండు దెబ్బలు కొట్టేవాడు. పదకొండేళ్ళు ఇలాగే గడిచింది, ఒక్కసారి కూడా తేడా రాలేదు.

ఆ వేసవికి ముందొచ్చిన చలికాలంలో, ఒక ఆరంతస్తుల అపార్టుమెంటులో, నేను రెండు దెబ్బలు కొట్టాను. రెండు దెబ్బలు వినిపించాయి. బటన్ నొక్కాను.

అవి బావ కొట్టినవి కావు. రెండో అంతస్తులో ఒక పెద్దాయన ఫోటో తగిలించడానికి గోడకి మేకు కొడుతున్నాడు. "రెండే దెబ్బలు కొట్టానండీ, మూడోది కొట్టబోతుంటే కేక వినపడింది" అని ఆయన కోర్టులో చెప్పి, అక్కడే కూలబడిపోయాడు. మంచినీళ్ళిచ్చి లేపాల్సి వచ్చింది.

నేను దాచిందేమీ లేదు. అడిగినదానికల్లా అవునన్నాను. రెండేళ్ళు శిక్ష వేశారు. ఇల్లు చక్కబెట్టుకోవడానికి నలభై రోజులు గడువిచ్చి, ఫలానా తారీఖు పొద్దున పదింటికల్లా జైలు గేటు దగ్గర హాజరవమన్నారు. ఎండలు అప్పుడే మొదలయ్యాయి. ఆ నలభై రోజుల సంగతే నేను చెప్పేది.

ఇల్లు చక్కబెట్టుకోమన్నారు కదా అని నేను నిజంగానే ఇల్లు చక్కబెట్టడం మొదలెట్టాను. కుళాయి వాషర్లు మార్చాను. ఫ్యాను రెగ్యులేటరు విప్పి బిగించాను. వాటితో ఆగితే బాగుండేది. దయ్యాలు రాత్రిళ్ళు తిరుగుతాయంటారు గానీ, మా బావ పట్టపగలే వచ్చేవాడు. బతికుండగా కూడా అంతే, డ్యూటీ టైము దాటితే ఒక్క నిమిషం ఆగేవాడు కాదు. పొద్దున తొమ్మిదయ్యేసరికి మెట్ల దగ్గర లవంగం వాసన వేసేది. అతనికి పనిలో ఉన్నంతసేపూ బుగ్గన లవంగం ఉండాలి. ఆ తర్వాత ఎక్కడో ఒకచోట రెండు దెబ్బలు. కిటికీ రెక్క గాలికి రెండుసార్లు కొట్టుకునేది. మా ఆవిడ గరిట గిన్నె అంచు మీద రెండుసార్లు తాటించేది. పాలవాడు తలుపు మీద రెండుసార్లు తట్టేవాడు. ప్రతిసారీ నా వేలు దానంతటదే ముందుకు వంగేది, బటన్ నొక్కడానికి.

అందుకని కిటికీ రెక్కకి రబ్బరు ముక్కలు అతికించాను. కుర్చీ కాళ్ళకి గుడ్డ చుట్టాను. ఇనప గరిటెలు అటక మీద పడేసి చెక్కవి తెచ్చాను. తలుపు ఎవరూ తట్టకుండా కాలింగ్ బెల్లు పెట్టి, 'బెల్లు నొక్కండి' అని పెద్దక్షరాలతో రాసి అంటించాను. పన్నెండు రోజులకి మా ఇంట్లో పిల్లి నడిచినట్టు తప్ప ఇంకేమీ వినపడకుండా అయింది.

మా ఆవిడ ఇదంతా చూస్తూనే ఉంది. ఆవిడ కళ్ళద్దాల షాపులో కళ్ళు పరీక్ష చేస్తుంది. మనిషిని చీకటి గదిలో కూర్చోబెట్టి, ముక్కు మీద బరువైన ఫ్రేము పెట్టి, అద్దాలు మార్చి మార్చి 'ఇది బాగుందా, ఇది బాగుందా' అని అడుగుతుంది. ఎంత నసిగేవాడైనా ఆవిడ ముందు ఏదో ఒకటి తేల్చి చెప్పాల్సిందే. పద్నాలుగేళ్ళుగా ఏదీ తేల్చి చెప్పనివాణ్ణి నేనొక్కణ్ణే. ఏం వండమంటారంటే నీ ఇష్టం. ఏ రంగు వేయిద్దామంటే నీ ఇష్టం. అది మంచితనమని నా నమ్మకం. మొగుడు పెత్తనం చెలాయించకపోతే ఏ ఆడదానికి చేదు అనుకునేవాణ్ణి.

ఒక సాయంత్రం షాపు నుంచి వచ్చి, చెప్పులు విప్పుతూ గుడ్డ చుట్టిన కుర్చీ కాళ్ళకేసి చూసింది.

"ఇల్లంతా బాగుచేశారు. ఇక మిగిలింది నేనే. నా సంగతేమిటి?" అంది.

"నీకేమైంది?"

"రెండేళ్ళు మీరుండరు. నేనేం చెయ్యాలి? ఇక్కడే ఉండనా, మా అక్క దగ్గరికి వెళ్ళిపోనా? అక్కడ షాపులో మనిషి కావాలంటున్నారట, రమ్మని పోరుతోంది."

ఉండు అందామనుకున్నాను. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. వచ్చి, అక్కడే ఆగిపోయింది. ఒక ఇల్లాలి కాపురం చేజేతులా కూల్చినవాణ్ణి, నా కాపురం నిలబెట్టమని ఏ మొహంతో అడగను?

"నీ ఇష్టం," అన్నాను.

ఆవిడ రెండో చెప్పు విప్పి గోడవారగా పెట్టింది.

ఆ మరుసటి ఆదివారం పొద్దున్నే బెల్లు మోగింది. తలుపు తీస్తే బావ భార్య. అతను నాకు బావ కాబట్టి ఆవిడ నాకు చెల్లెలి వరస. చెల్లెమ్మా అని పిలిచేవాణ్ణి. అంత జరిగాక మా గడప తొక్కుతుందని నేనెన్నడూ అనుకోలేదు. తిట్టడానికొచ్చిందనుకుని, తిడితే బాగుండునని కూడా అనుకున్నాను. లోపలికొచ్చి కుర్చీ అంచున కూర్చుంది. మా ఆవిడ మంచినీళ్ళు తెచ్చిచ్చి, వంటింటి గుమ్మం దగ్గర నిలబడింది.

"నువ్వు లోపలికెళ్ళేలోగా ఒక్కటడిగి పోదామని వచ్చానన్నయ్యా. ఇంకేం లేదు," అంది చెల్లెమ్మ.

"అడుగమ్మా."

"ఆ రోజు ఆఖరున ఆయన ఏమన్నాడు?"

నాకర్థం కాలేదు. అర్థం కానట్టు చూశాను.

"అదే. పోయే ముందు కాదులే. అంతకు ముందు, పని మొదలెట్టినప్పుడో, టీ తాగినప్పుడో. ఇంటి గురించో, నా గురించో ఏదో ఒకటి అనే ఉంటాడుగా. ఏదైనా ఫర్లేదు."

అబద్ధం చెప్పడానికి అంతకన్నా మంచి సమయం ఎవరికీ రాదు. నీ గురించే మాట్లాడాడమ్మా అంటే పోయేది. కానీ కోర్టులో చేతులు కట్టుకుని నిజం చెప్పీ చెప్పీ అలవాటైపోయింది.

"ఏమీ అనలేదమ్మా. మేం పనిలో మాట్లాడుకోం. ఆ రోజు పొద్దుట నుంచి ఒక్క మాట కూడా అనుకోలేదు," అన్నాను.

"పద్దెనిమిదేళ్ళు కలిసి చేశారు కదన్నయ్యా."

"అవునమ్మా. అందుకే అక్కర్లేకపోయింది."

చెల్లెమ్మ గ్లాసులోకి చూస్తూ కూర్చుంది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. ఏదో లెక్క తప్పిన మనిషిలా మొహం పెట్టింది.

"ఇంట్లో కూడా అంతే అన్నయ్యా. నోరు విప్పేవాడు కాదు. నేను ఇన్నేళ్ళూ ఏమనుకున్నానో తెలుసా? ఉన్న మాటలన్నీ పొద్దుట నుంచి నీతో మాట్లాడేసి, ఖాళీ అయిపోయి ఇంటికొస్తున్నాడనుకున్నాను. పోనీలే, ఒక మనిషితోనైనా మనసు విప్పుతున్నాడు కదా అని సరిపెట్టుకునేదాన్ని." లేచి నిలబడింది. "అయితే ఎవరితోనూ చెప్పుకోకుండానే వెళ్ళిపోయాడన్నమాట."

చెప్పులేసుకుని మెట్లు దిగి వెళ్ళిపోయింది. గ్లాసులో నీళ్ళు అలాగే ఉన్నాయి.

నేను కదల్లేకపోయాను. వంటింటి గుమ్మం దగ్గర నుంచి మా ఆవిడ గొంతు వినపడింది. కోపం లేదు ఆ గొంతులో. ఉంటే బాగుండేది.

"నేను కూడా అచ్చంగా అదే అనుకున్నాను. మీ మాటలన్నీ ఆయన దగ్గర అయిపోతున్నాయని."

ఆ సాయంత్రమే ఆవిడ హ్యాండ్‌బ్యాగులోంచి రైలు టికెట్టు తీసి టేబులు మీద పెట్టింది. నేను జైలుకి హాజరు కావాల్సిన రోజే, సాయంత్రం బండి.

"మా అక్కే కొని పంపింది. ఆ రోజు మధ్యాహ్నం దాకా రద్దు చేసుకోవచ్చు. చూడండి, మీ మీద నాకు కోపం లేదు. ఆయన చావు మీరు కావాలని చేసింది కాదు, ఆ సంగతి నాకు తెలుసు. రెండేళ్ళు ఒంటరిగా ఉండడం కూడా నాకు కష్టం కాదు. కానీ మీరు నన్ను ఉండమంటున్నారో లేదో ఊహించుకుంటూ మాత్రం ఉండలేను. పద్నాలుగేళ్ళు ఊహించుకున్నాను. ఇంక ఓపిక లేదు. ఉండమని ఒక్కసారి, నా మొహం చూసి, నోటితో చెప్పండి. చింపేస్తాను ఆ టికెట్టు. చెప్పకపోతే ఎక్కేస్తాను. నీ ఇష్టం అని మాత్రం అనకండి."

అడగందే అమ్మయినా పెట్టదంటారు. ఆవిడ పెడతానని కంచం ముందు కూర్చుని, అడగమని బతిమాలుతోంది. ఇంతకన్నా సులువు ఏముంటుంది చెప్పండి? మగవాళ్ళు రోజూ అంటూనే ఉంటారు ఇలాంటి మాటలు. తాగినవాళ్ళు అంటారు, తాగనివాళ్ళు కూడా అంటారు.

నేను తలూపాను. అంటే, చెబుతాను అని అర్థం. ఆవిడ నా తలవైపు చూసి, నవ్వో ఏడుపో తెలియనట్టు పెదాలు బిగించి లోపలికెళ్ళిపోయింది.

ఆ రోజు నుంచి నాకదే పని అయింది. చెప్పాల్సిన మాటలు ఖాయం చేసుకున్నాను. 'నువ్వు ఉండు. నాకు నువ్వు కావాలి.' అంతకన్నా పొడుగైతే మధ్యలో తడబడతానని. మా ఇల్లు నాలుగో అంతస్తు. బావ పోయాక మేమిద్దరం లిఫ్టెక్కడం మానేశాం, మెట్లెక్కుతూ మెట్టుకో మాట చొప్పున వల్లించేవాణ్ణి. గడ్డం గీసుకుంటూ అద్దంలో మొహానికి చెప్పేవాణ్ణి. అద్దంలోవాడికి చక్కగా చెప్పగలిగేవాణ్ణి. ఆవిడ ఎదురుగా వచ్చేసరికి, నోరు తెరిచిన ప్రతిసారీ లవంగం వాసన గుప్పుమనేది. గుంతలోంచి బయటికి రాని మనిషి నా పక్కనే నిలబడి, నా మాట కోసమే చూస్తున్నట్టుండేది. తనకి ఒక్క కేక వెయ్యనివాణ్ణి, పెళ్ళాంతో ఏం మాట్లాడతానో విందామని. నోరు మూసుకునేవాణ్ణి.

ఇంట్లో కుదరడం లేదని, ఒక మధ్యాహ్నం మండే ఎండలో ఆవిడ షాపుకి వెళ్ళాను. కౌంటరు దగ్గర అమ్మాయి నాకు నంబరు చీటీ ఇచ్చింది. ఆరుగురి వెనకాల కూర్చున్నాను. నా నంబరు పిలిచారు. తెర తీసుకుని లోపలికెళితే మా ఆవిడ తెల్లకోటులో, తల వంచుకుని ఏదో రాసుకుంటోంది.

"కూర్చోండి. ఏమిటి ఇబ్బంది?" అని తలెత్తి, నన్ను చూసి ఆగింది.

"కళ్ళు మసకగా ఉన్నాయి," అన్నాను.

కలం మూత పెట్టింది. తర్వాత లైటు తీసేసింది. ఫ్రేము నా ముక్కు మీద పెట్టి చెవుల వెనక సర్దింది. పద్నాలుగేళ్ళ కాపురంలో ఆవిడ అంత దగ్గర నుంచి, అంత శ్రద్ధగా నా కళ్ళలోకి చూడడం నేనెరగను. ఆవిడ ఊపిరి నా చెంపకి తగులుతోంది. జేబులోంచి చాక్‌లెట్ కాగితం చప్పుడు వినపడింది. మధ్యాహ్నం తిండికి వీలు కానప్పుడు ఆవిడ చాక్‌లెట్లు చప్పరిస్తుందని నాకప్పుడే తెలిసింది.

"ఇది బాగుందా, ఇది బాగుందా?"

"రెండోది."

"ఇప్పుడు?"

"మొదటిది."

ఎంత బాగా జవాబులు చెబుతున్నానో చూసి నాకే ముచ్చటేసింది. ఇదే ఊపులో అనేద్దామనుకున్నాను. ఆవిడకి కూడా తెలిసినట్టుంది. చేతిలో అద్దం కింద పెట్టేసింది. స్టూలు మీద కూర్చుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, "చెప్పండి," అంది. చాలా మెత్తగా అంది.

ఎదురుగా గోడ మీద అక్షరాల చార్టు వెలుగుతోంది. నేను నోరు తెరిచాను. అక్షరాలు చదవడం మొదలెట్టాను. పై వరస నుంచి, ఒక్కొక్కటే, అన్ని వరసలూ, ఆఖరి వరసలో చీమ తలకాయంత అక్షరాలతో సహా. చదువుతున్నంతసేపూ నా గొంతు నాకే వినిపిస్తోంది.

"అన్నీ సరిగ్గానే చదివారు," అంది మా ఆవిడ. లేచి లైటు వేసింది. కళ్ళు తుడుచుకుందేమో, నేను సరిగ్గా చూడలేదు. "దూరం చూపు బాగానే ఉంది. దగ్గరివే ఆనడం లేదు. ఈ వయసుకి మామూలే. చదువుకోవడానికి అద్దాలు రాస్తాను." తెర పక్కకి లాగి తర్వాతి నంబరు పిలిచింది.

మిగిలిన రోజులు ఎలా గడిచాయో చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. ఆవిడ తన బట్టలు రెండు పెట్టెల్లో సర్దడం మొదలెట్టింది. ఒక పెట్టె తాళం సరిగ్గా పడటం లేదంటే నేనే బాగుచేసి పెట్టాను. నన్ను వదిలి వెళ్ళడానికి సర్దుకుంటున్న పెట్టెకి నేనే నూనె వేసి, తాళం నాలుగుసార్లు వేసి తీసి చూపించాను. నా చేతులకి అదొక్కటే వచ్చు.

గడువు రోజు పొద్దున ఆవిడ టీ పెట్టింది. ఇద్దరం నిలబడే తాగాం. జైలుకి ఏమేం తీసుకెళ్ళొచ్చో కోర్టువాళ్ళు కాగితమిచ్చారు. రెండు చొక్కాలు, చెప్పులు, సబ్బు, తువ్వాలు, కళ్ళద్దాలు. ఆవిడ అన్నీ సంచిలో పెట్టి, ఆఖరున కొత్త అద్దాల పెట్టె పెట్టింది. టికెట్టు టేబులు మీదే ఉంది. బయల్దేరేటప్పుడు నాకు కనపడేలా దాన్ని చేతిలోకి తీసుకుని, హ్యాండ్‌బ్యాగు పైజేబులో, సగం బయటికి కనపడేలా పెట్టుకుంది.

బస్సులో అరగంట. కిటికీ పక్కన ఆవిడ, ఇవతల నేను. పక్కపక్కనే కూర్చుంటే మొహం చూసి చెప్పడం కుదరదని, దిగాక చెబుదామనుకున్నాను. దిగాక, రోడ్డు దాటాక చెబుదామనుకున్నాను. గేటు ముందు పదిహేనుమంది నిలబడి ఉన్నారు, వాళ్ళందరి ఎదురుగా ఎందుకు, వరస ముందుకు కదిలాక చెబుదామనుకున్నాను. వరస కదిలింది. కాపలావాడు నా కాగితం చూసి, "లోపలికి పదండి," అన్నాడు. ఆవిడతో, "మీరిక్కడిదాకేనమ్మా," అన్నాడు.

ఆవిడ నాకెదురుగా వచ్చి నిలబడింది. ఎండకి మొహం ఎర్రబడింది. ముక్కు మీద చెమట. చేతిలో టికెట్టు. చింపడానికి సిద్ధంగా రెండు చేతులతో పట్టుకుంది. నేను చూశాను. నా కళ్ళతో చూశాను.

"చెప్పండి," అంది.

"జాగ్రత్త," అన్నాను.

ఆవిడ కాసేపు అలాగే నిలబడింది. ఇంకేదైనా వస్తుందేమోనని. తర్వాత టికెట్టు మడిచి బ్యాగులో పెట్టుకుని జిప్పు లాగింది. "మీరు కూడా," అంది. గేటులోని చిన్న తలుపు మూసుకుంది.

లోపల ఒక గది. కిటికీ దగ్గర బల్ల, బల్ల మీద లావుపాటి రిజిస్టరు, దాని వెనకాల బట్టతల గుమాస్తా. నా పేరు, వయసు, పని, పుట్టుమచ్చలు రాసుకున్నాడు. పేజీలో ఒక గడి దగ్గర కలం ఆపి, తలెత్తకుండానే అడిగాడు.

"నిన్ను చూడ్డానికెవరొస్తారు?"

"నా భార్య."

"వస్తుందా?"

అంతే. ఎక్కడ ఏ బిగువు వదిలిందో తెలీదు. ఆ గదిలో లవంగం వాసన లేదు, బావ లేడు, ఎవరూ లేరు. ముక్కూ మొహం తెలియని ఒక గుమాస్తా తప్ప.

"తెలీదు సార్. నేనడగలేదు. అడగాలని నలభై రోజులు తిరిగాను. ఆవిడ సాయంత్రం షాపు నుంచి వచ్చే టైముకి నేను టీవీ కట్టేస్తాను సార్, మెట్ల మీద ఆవిడ అడుగులు వినపడాలని. నాలుగంతస్తులు ఎక్కి వచ్చేదాకా వింటాను. మూడో అంతస్తు దగ్గర కాస్త ఆగుతుంది, ఆయాసం తీర్చుకోవడానికి. అప్పుడు నేను కూడా ఊపిరి బిగబడతాను. ఆవిడకి తెలీదు ఇదంతా. ఆవిడ ఊరెళ్ళిన రోజున నేను ఇంట్లో లైటు కూడా వేసుకోను, ఎవరి మొహం చూడాలని? నాకు ఆవిడంటే ప్రాణం సార్. ఈ రెండేళ్ళకి నాకు భయం లేదు. తిరిగొచ్చేసరికి మెట్ల మీద ఆ అడుగులుండవేమోనని భయం. నువ్వు ఉండు, నాకు నువ్వు కావాలి అంటే చాలు, ఆగిపోయేది. టికెట్టు చింపడానికి రెండు చేతులతో పట్టుకుని నిలబడింది. జాగ్రత్త అని చెప్పి వచ్చేశాను సార్."

నా మొహమంతా తడిసిపోయింది. గుమాస్తా కలం గాల్లోనే ఉంది.

"ఇదంతా నాకు చెబుతావేమిటయ్యా?" అన్నాడు చివరికి.

"అదే నాకూ తెలీడం లేదు సార్."

ఆయన లేచి కిటికీలోంచి బయటికి చూశాడు. చాలాసేపు చూశాడు. తిరిగొచ్చి కూర్చుని, "ఎవరూ లేరు," అన్నాడు. ఆ గడిని ఖాళీగా వదిలేసి, నా చేత వేలిముద్ర వేయించుకున్నాడు.

ఉత్తరం రాయలేకపోయావా అంటారేమో. రాశాను. నెల దాటాక గానీ రాయనివ్వలేదు. వాళ్ళక్క ఇంటికి, నాలుగు పేజీలు, ఆవిడ చేయించిచ్చిన అద్దాలు పెట్టుకునే రాశాను. జవాబొచ్చింది. "మీ ఉత్తరం చదివాను. ఎన్నోసార్లు చదివాను. ఆ రోజు ఇందులో ఒక్క ముక్క నోటితో అని ఉంటే ఉండిపోయేదాన్ని. ఇప్పుడు చదువుతుంటే ఎవరో ఎవరికో రాసుకున్నట్టుంది. ఇక్కడ షాపులో పని కుదిరింది. ఇంక రాయకండి. ఆరోగ్యం జాగ్రత్త." నేను ఇంక రాయలేదు. ఆవిడ అడిగింది అదొక్కటే కాబట్టి, అదైనా చేశాను.

రెండేళ్ళూ పూర్తయ్యాయి. విడుదల రోజున మళ్ళీ అదే గది. గుమాస్తాకి మిగిలిన నాలుగు వెంట్రుకలు కూడా నెరిసిపోయాయి. రిజిస్టరు తీసి, పేజీలు తిప్పి, నా పేజీ దగ్గర ఆగాడు. నన్ను చూడ్డానికి వచ్చేవాళ్ళ గడి ఖాళీగానే ఉంది. ఆయన దాన్ని చూశాడు, నన్ను చూశాడు. గదిలో ఉన్న కాపలావాణ్ణి ఏదో పని చెప్పి బయటికి పంపించాడు.

"ఆ రోజు మాట్లాడినవాడివి నువ్వే కదూ?" అన్నాడు గొంతు తగ్గించి.

"నేనే సార్."

"నీకో సంగతి చెప్పాలయ్యా. ఏమనుకోకు. ఆ సాయంత్రం ఇంటికెళ్ళి, నీ మాటలు మా ఆవిడకి చెప్పాను. నీవి అని కాదు. నావే అన్నట్టు చెప్పాను. మా ఇల్లు రెండో అంతస్తే, నాలుగు అన్నది మాత్రం మార్చాను."

నేను ఆయనకేసి చూస్తూ నిలబడ్డాను.

"ఏమన్నారు సార్, ఆవిడ?"

"ముందు తాగొచ్చానేమోనని నోరు వాసన చూసింది. తర్వాత ఏడ్చింది. ముప్ఫై ఏళ్ళ కాపురంలో అంతలా ఏడవడం నేను చూడలేదు. ఇన్నాళ్ళూ ఎక్కడ దాచావు ఇవన్నీ అంది." ఆయన అద్దాలు తీసి తుడుచుకున్నాడు. "ఇప్పటికీ అప్పుడప్పుడూ అడుగుతుంది, ఆ రోజు చెప్పినవి మళ్ళీ ఒకసారి చెప్పమని. నాకు అన్నీ గుర్తుండి చావవు. టీవీ కట్టేస్తాను దాకా వస్తుంది. ఆ తర్వాత ఏమిటయ్యా?"

సొరుగులోంచి తెల్లకాగితం తీసి బల్ల మీద పెట్టుకుని, కలం మూత తీశాడు.

నేను చెప్పాను. తొందరపడకుండా, ఆయన రాసుకోవడానికి వీలుగా, ఆగి ఆగి అన్నీ చెప్పాను.